మూడు నాగాలు

తేదీ: పదకొండు, గురువారం
పొద్దుటి టాంకరు వచ్చి వెళ్ళాక

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి,

బిందెల లైను ముసలమ్మ నమస్కారం చెప్పి రాయించేది ఏమనగా, మీరూ మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మీ నడుము నొప్పి తగ్గిందనుకుంటాను, పోయిన మీటింగులో కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు. నేను బాగానే ఉన్నాను. బాగాలేనిది ఎవరో, ఎవరి మూలంగానో కింద రాయిస్తాను. మర్యాదలు ఇక్కడితో సరి. ఇక్కడి నుంచి కోపమే ఉంటుంది. టీ తాగి, తలుపు వేసుకుని చదవండి.

ముందు ఈ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల దగ్గర అర్జీలు రాసే ఆయన చేత రాయించబోయాను. మీరు చేసింది అన్యాయం అని నేను చెప్తే, తమరి దయార్ద్ర హృదయానికి విన్నవించుకుంటున్నాను అని రాసి, ఎలా ఉంది అన్నట్టు చదివి వినిపించాడు. దయ ఎవరడిగారయ్యా అన్నాను. అర్జీ అంటే ఇలాగే ఉండాలమ్మా, కోపంగా రాస్తే పెద్దవాళ్ళు మొదటి లైనుతో ఆపేస్తారు అన్నాడు. ఆ కాగితం అక్కడే చింపి ఆయన చేతిలోనే పెట్టి వచ్చాను.

ఇప్పుడు రాస్తున్న ఆమెకు ఒకటే షరతు పెట్టాను. నేను అన్నది అన్నట్టు రాయాలి, మధ్యలో తీపి కలపకూడదు అన్నాను. సరేనని, తనకూ ఒక షరతు ఉందంది. అబద్ధం చెప్తే కలం ఆపేస్తానంది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గానీ అది ఎంత బరువైన మాటో తెలియలేదు.

నేనెవరో మీకు తెలుసు. అయినా ఈ కాగితం ఫైల్లో పడుతుంది, రేపు మీ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, వాళ్ళ కోసం చెప్తున్నాను. మా వీధిలో ప్రతి ఇంట్లో కొళాయి ఉంది, నీళ్ళే లేవు. ఇరవై రెండేళ్ళుగా టాంకరే దిక్కు. నలభై ఇళ్ళకు ఒక్క టాంకరు, అదీ రోజు విడిచి రోజు. మొదట్లో జుట్లు పట్టుకునేవాళ్ళు. ఒకావిడ ఇంకొకావిడ నెత్తిన బిందెతో కొడితే ఆరు కుట్లు పడ్డాయి. ఆ మర్నాటి నుంచి లైను నేను చూస్తున్నాను. నన్నెవరూ పెట్టలేదు. జీతం లేదు, తిట్లు మాత్రం వేళ తప్పకుండా వస్తాయి. నాకు అక్షరం ముక్క రాదు. అంకె చూపిస్తే అది అంకో గోడ మీద పురుగో చెప్పలేను. కానీ నలభై బిందెల్లో ఏది ఎవరిదో, ఎవరింట్లో ఎన్ని నోళ్ళున్నాయో, ఎవరు జ్వరంతో పడుకున్నారో కళ్ళు మూసుకుని చెప్తాను. చాలనిదాన్ని పంచడం ఎలాగో నాకెవరూ నేర్పక్కర్లేదు.

మా ఆయన క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. మూడేళ్ళ కిందట రెండు కిడ్నీలూ పోయాయన్నారు. మీ డయాలసిస్ వెయిటింగ్ లిస్టులో తొమ్మిదోవాడిగా చేరి, నాలుగు నెలల్లో రెండోవాడయ్యాడు. రెండోవాడిగానే పోయాడు. బతికినన్నాళ్ళూ ఆయనకు దొరికిన ప్రమోషన్ అదొక్కటే. ఆ తర్వాత నేను మీ వరండాలో నిలబడి మూడు రోజులు అరిచాను. నాలుగో రోజు మీరు లోపలికి పిలిచి, టీ ఇప్పించి, డయాలసిస్ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ప్రజల తరఫున ఒక మనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది, నువ్వుంటావా అమ్మా అన్నారు. నోరున్నదాన్ని లోపల కూర్చోబెడితే బయట అరవదని మీ ఆలోచన. అది నాకు తెలుసు. తెలిసే వచ్చాను.

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి శనివారం, గాజు పలక వేసిన ఆ బల్ల చుట్టూ నలుగురం. మీరు, లెక్కల ఆఫీసరు, వార్డు సిస్టరమ్మ, నేను. లెక్కల ఆఫీసరు కాగితం చదువుతాడు. పేర్లు చదివితే మొహమాటాలు వస్తాయని నెంబర్లే చదువుతాడు. ఒక్కో నెంబరుకు ఇరవైకి ఇన్ని అని మార్కులు. వయసుకు ఇన్ని, జబ్బు తీరుకు ఇన్ని, మీద ఆధారపడ్డవాళ్ళకు ఇన్ని, తప్పకుండా వస్తున్నందుకు ఇన్ని. నెల జీతం ఉద్యోగానికి నాలుగు. సొంత పనికి ఒకటి. ఇంటి పనికి సున్నా.

ఒకసారి నాకెన్ని వస్తాయో చెప్పవయ్యా అన్నాను. వేళ్ళ మీద లెక్కేసి, రెండమ్మా అన్నాడు నవ్వుతూ. ఇరవైకి రెండు. మరి నీకో అన్నాను. పదమూడు అన్నాడు. నీకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కదయ్యా, అవి ఎవరింట్లో దాచావు అన్నాను. పదకొండుకు దిగాడు. సిస్టరమ్మ మూతికి రుమాలు అడ్డం పెట్టుకుంది. మీరు కిటికీలోంచి చెట్లు చూశారు. ఆ రోజు నలుగురం నవ్వుకున్నాం నాయనా. ఆ కాగితం మీద ఉన్నవాళ్ళెవరూ ఆ గదిలో లేరు కాబట్టి నవ్వుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. మీ పుస్తకంలో పదిహేడో నెంబరు.

మా వీధి చివర, టాంకరు మలుపు తిరిగే చోట ఒక గది ఉంది. ముందు సగం కుట్టు దుకాణం, తెర వెనక సగం కాపురం. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఐదో తరగతి చదివే కూతురు. మొగుడు లారీ మీద పనికి వెళ్ళి ఒకసారి తిరిగి రాలేదు, శవం వచ్చింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతోంది. నన్ను పిన్నీ అంటుంది. సొంత పిన్నిని కాను. లైన్లో బిందె పెట్టే ప్రతివాళ్ళకూ నేను ఏదో ఒకటి అవుతాను, పిన్నో, అత్తో, ముసలి దెయ్యమో. రెండేళ్ళుగా మంగళవారం, శుక్రవారం మీ దగ్గర డయాలసిస్. చాలాసార్లు తోడు నేనే వెళ్ళాను. బస్సులో ఎక్కడ జారిపోతుందోనని ఆమె కార్డు నా సంచిలోనే పెట్టుకునేదాన్ని.

మీ గది నాకు కంఠతా వచ్చు. ఏడు నీలం కుర్చీలు, చిరిగిన చోట తెల్ల ప్లాస్టర్ అంటించినవి. పది నిమిషాలు ముందు నడిచే గడియారం. ఉండుండి కీచుమనే మిషన్లు. ఆమె ఎప్పుడూ గడియారం కింద కుర్చీలో, ఒక చేతికి సూదులు పెట్టించుకుని రెండో చేత్తో చొక్కా గుండీలు విడదీసి లెక్కపెట్టేది. రోజుకు ఆమెకు అనుమతి ఉన్నది రెండు గ్లాసుల నీళ్ళు. నలభై ఇళ్ళకు నీళ్ళు పంచేదాన్ని, ఆమె గుటకలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

పోయిన మీటింగులో ఆమెను తీసేశారు. మూడు నాగాలు అయ్యాయని.

ఆ మూడూ చెప్తాను, వినండి. మొదటిది, పెద్ద వాన పడ్డ రోజు. వంతెన మీద నీళ్ళెక్కి బస్సు సగం దారిలో వెనక్కి తిరిగింది. ఆమె దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. వచ్చేసరికి పూట అయిపోయింది. పుస్తకంలో రాలేదు అని పడింది. మోకాలిదాకా తడిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా రాలేదు అని రాశారు.

రెండోది, ఆమె వేళకే వచ్చింది. మిషనే పాడైంది, బాగుచేసేవాడు రాలేదు. ఇంటికి పొమ్మన్నారు. దానికీ నాగా వేశారు. ఇదేమిటమ్మా అని మొన్న సిస్టరమ్మను అడిగితే, మిషను పాడైందని రాయడానికి పుస్తకంలో గడి లేదంది. మనిషి రాలేదని రాయడానికి గడి ఉందట. ఉన్న గడిలో రాశారట. నేను అక్కడే కూర్చుని తల కొట్టుకున్నాను.

మూడోది ఒంట్లో బాగాలేక రాలేదు అని చెప్పబోయాను. రాస్తున్న ఆమె కలం ఆపింది. సరే, నిజమే చెప్తాను. మూడోసారి ఆమె కావాలనే రాలేదు. బడి తెరిచే ముందు రోజు. అరవై జతల యూనిఫారాలు ఒప్పుకుంది, తొమ్మిది జతలు మిగిలాయి. ఇవ్వకపోతే వచ్చే ఏడు ఆ బడి పని ఇంకొకరికి పోతుంది. ఒక్క పూట కదా, ఓర్చుకుంటాను అనుకుంది. ఓర్చుకుంది కూడా. మర్నాడు మొహం తట్టంత అయింది. ఇది తప్పే. దాచను. కానీ నాయనా, ఆ తప్పు ఎందుకు చేసిందో మీ పుస్తకంలో ఏ గడిలో రాస్తారు. పని చేసుకుంటేనే ఒక మార్కు ఇస్తామన్నది మీరే. ఆ ఒక్క మార్కు కోసం పని చేసుకుంటే కుర్చీ లాగేసిందీ మీరే.

మా వీధిలో మనిషి లేకుండా బిందె ఒక్కటే లైన్లో ఉంటే ఏం చేస్తామో తెలుసా. దాన్ని పక్కకు తన్నం. ముందు బిందె నింపుతాం, ఆ తర్వాత వెళ్ళి తలుపు కొడతాం. ఏమైంది, ఎందుకు రాలేదు అని అడుగుతాం. ఒకసారి అలా తలుపు కొడితే ఒంటరి ముసలాయన స్నానాల గదిలో కాలు విరిగి రెండు రోజులుగా పడి ఉన్నాడు. బిందె తన్నేసి ఉంటే ఆయన అక్కడే పోయేవాడు. లైనుకు రానివాడే అందరికంటే ఎక్కువ కష్టంలో ఉండొచ్చని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గాజు పలక వేసిన బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో.

మూడు నాగాలైతే కుర్చీ పోతుందనే రూలు కనిపెట్టిన బుర్ర ఎవరిదోగానీ, దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, కడుపుమంట ఒకటే ఉంది. ఆ మనిషి చేతుల్లో నలభై బిందెలు పెడితే మర్నాటికి వీధి వీధంతా ఆసుపత్రిలో ఉండేది. రాస్తున్న ఆమె ఇక్కడ నా మొహం చూసి, ఇది నిజంగా రాయనా అంది. రాయమన్నాను. మీరు ఇక్కడ నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వండి. ఎందుకు నవ్వుతున్నారో చివర్లో నేనే చెప్తాను.

ఆమెను తీసేశారని నాకు వెంటనే తెలియలేదు. మంగళవారం పూట మార్చారు పిన్నీ, నువ్వు తోడు రానక్కర్లేదు, నీ మోకాళ్ళు నొప్పి కదా అంది. నమ్మాను. ఈ మంగళవారం మోకాళ్ళ మాత్రల కోసం వచ్చి చూస్తే, డయాలసిస్ గది బయట గోడవార బెంచీ మీద కూర్చుని ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు, మడమలు బయట పెట్టుకుంది. ఏమిటే ఇది అన్నాను. లేచి నిలబడబోయి, నిలబడలేక కూర్చుంది. సిస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అంతా చెప్పింది. పదిహేడో నెంబరు ఈమెదేనమ్మా అంది. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది, ఆ రోజు ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో ఎక్కిస్తున్నాను, ఈ పది రోజుల్లో ఒక్కసారే దొరికింది అంది.

ఆ బెంచీ సంగతి ఆలోచించారా మీరెప్పుడైనా. ఇవాళ ఎవరో ఒకరు రాకపోతే బాగుండును అనుకుంటూ కూర్చోవాలి. ఎవరి బస్సో తిరగబడాలి, ఎవరికో వాన అడ్డం పడాలి, లేదా ఎవరో పోవాలి. తోటి రోగి గుమ్మంలో కనబడగానే గుండె జారిపోవాలి. రెండేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని బిడ్డల కబుర్లు చెప్పుకున్న మనుషుల్ని అలా చూసే బతుకు ఇచ్చారు ఆమెకు. జబ్బు చేసిన పాడు కంటే ఇది ఎక్కువ పాడు.

అక్కడి నుంచి నేరుగా మీ గదిలోకి వచ్చాను. బయట బంట్రోతు అడ్డం వస్తే నా చేతికర్ర సంగతి గుర్తుచేశాను. మీరు నన్ను కూర్చోబెట్టారు, అది ఒప్పుకుంటాను. అమ్మా, నా దగ్గర నడిచేవి ఏడు మిషన్లు, అరవై మూడు మందికంటే పట్టరు, బయట ఇరవై తొమ్మిది మంది ఉన్నారు, ఎవరిని కూర్చోబెట్టినా ఇంకెవరినో చంపినట్టే, అందుకే రూలు పట్టుకుని కూర్చున్నాను, రూలు లేకపోతే నాకు నిద్ర పట్టదు అన్నారు. నిద్ర ఆమెకు కూడా పట్టడం లేదు, పడుకుంటే ఊపిరి ఆడదు అన్నాను. ఆమె కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న వాచ్‌మన్‌కు పోయిన నెలే పెళ్ళయింది, అతన్ని లేపమంటారా అన్నారు. ఆ మాట నన్ను కొట్టడానికి అన్నారు. తగిలింది కూడా. అతన్ని లేపమని నేను అనలేదు, అనను. ఒకరి బిందె ఒంచి ఇంకొకరి బిందె నింపే దాన్ని కాను. ఇంకో మాట ఏదో మీ నోటిదాకా వచ్చింది. ఆ రూలు గురించే. నా మొహం చూసి మింగేశారు. మింగినందుకు మీకు దండం. ఏదైనా కాగితం మీద పెట్టండమ్మా, కాగితం లేనిదే శనివారం కమిటీ ముందుకు తేలేను అన్నారు. ఇదిగో కాగితం.

అయితే మీ నోట రాని మాట ఇంకొకటి ఉంది. ఎనిమిదో మిషను.

గది మూలన దుప్పటి కప్పి ఉంటుంది. పాడైంది కాదు. పాడైతే దుమ్ము పడుతుంది, అది వారానికోసారి తుడుస్తారు. అత్యవసరం కోసం ఉంచామంటారు. విషం తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు వస్తే కావాలి కదా అంటారు. కావాలి. కాదనను. కానీ సిస్టరమ్మను కూర్చోబెట్టి అడిగాను, గడిచిన తొమ్మిది వారాల్లో ఆ దుప్పటి ఎన్నిసార్లు తీశారు అని. ఆమె చెప్పలేదు. చెప్పనని కూడా అనలేదు. ఆమె మీద పడకండి, ఆ గది తుడిచేవాళ్ళు నా బిందెల లైన్లోనే ఉన్నారు. ఐదుసార్లు తీశారు. రెండుసార్లు నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు. మూడుసార్లు కారులో వచ్చినవాళ్ళకు. వాళ్ళకు ఇరవైకి ఎన్ని మార్కులు వచ్చాయో ఏ మీటింగులోనూ చదవలేదు. వాళ్ళకు నెంబర్లు కూడా లేవు, పేర్లే ఉన్నాయి.

నేను నోటి లెక్క మనిషిని. రోజుకు మూడు పూటలు, వారానికి ఆరు రోజులు, మనిషికి వారానికి రెండుసార్లు. తొమ్మిది మంది. ఆ దుప్పటి కింద తొమ్మిది మంది ఉన్నారు డాక్టరు గారూ. మనం నలుగురం ఆ గాజు బల్ల మీద ఒక మార్కు కోసం, అర మార్కు కోసం కొట్టుకుంటున్నాం, అవతల గదిలో తొమ్మిది మందిని దుప్పటి కప్పి పడుకోబెట్టాం. కొరత ఉన్నప్పుడు ఒకరికి లేదని చెప్పాలి, ఆ పాపం నాకూ తెలుసు, చెప్పి చెప్పి నా నోరు చేదెక్కింది. కానీ టాంకరులో నీళ్ళు దాచిపెట్టి లేవని చెప్పడం కొరత కాదు. దానికి వేరే పేరుంది, రాయిస్తే రాస్తున్న ఆమె చెవులు మూసుకుంటుంది.

నిజంగా అత్యవసరం వస్తే ఏం చెయ్యాలంటారా. అడగండి. ఆ పూట కూర్చున్నవాళ్ళను, ఒక ప్రాణం మీదికి వచ్చింది, ఎవరు లేస్తారు, రేపు మీకు ముందు ఇస్తాం అని అడగండి. మా వీధిలో పురుడు వచ్చిన ఇంటికి మొదటి బిందె ఇవ్వమంటే ఇరవై రెండేళ్ళలో ఒక్కరు కాదనలేదు. తిట్టుకుంటూ ఇచ్చారు, అయినా ఇచ్చారు. అడిగితే ఇస్తారు నాయనా. అడక్కుండా లాక్కుంటేనే మనుషులు తిరగబడతారు.

కాబట్టి ఎల్లుండి శనివారం మీటింగులో ఈ కాగితం మొదట చదవాలి. ఆ దుప్పటి తియ్యాలి. తొమ్మిది మందిని ఎక్కించాలి. వాళ్ళలో ఆమె ముందు ఎక్కాలని ఊరికే అడగడం లేదు. ఆ మూడు నాగాల్లో రెండు ఆమెవి కావు, మీవి. ఆ రెండూ కొట్టేసి మీ ఖాతాలో వేసుకోండి. నాగా పక్కన ఎందుకు అని రాసే గడి ఒకటి పుస్తకంలో గీయించండి, గీత గీయడానికి పైనుంచి కాగితం రానక్కర్లేదు. వినకపోతే నాకు మళ్ళీ మీ వరండా ఉండనే ఉంది. మూడేళ్ళలో నా గొంతు ఏమీ తగ్గలేదు.

ఇంతకంటే ఏముంది. మీ నడుముకు ఎత్తు కుర్చీ వేయించుకోండి.

ఇట్లు,
బిందెల లైను ముసలమ్మ,
కమిటీలో ప్రజల తరఫు మనిషి

వేలిముద్ర ఇంకా వెయ్యలేదు. కింద ఇంకొంచెం ఉంది.

తా.క. డాక్టరు గారూ, ఇక్కడి నుంచి మీకు కొత్త సంగతి ఏదీ లేదు. చదవకపోయినా పరవాలేదు. ఇది రాస్తున్న ఆమె కోసం చెప్తున్నాను. రెండు రోజులుగా ఎదురుగా చెప్పలేక, మీ పేరు పెట్టుకుని ఉత్తరంలో చెప్తున్నాను. ఇప్పుడు కలం పట్టుకున్న మనిషే పదిహేడో నెంబరు. ఆమె కత్తెర బల్ల మీదే ఈ కాగితం ఉంది.

మూడు నాగాల రూలు తెచ్చింది నేను. నా మొదటి మీటింగులో ఆ గాజు పలక మీద గుద్ది మరీ పెట్టించాను. మా ఆయన పోయిన రోజు మీ గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. బంధువుల ఇంట్లో విందుందని ఎవరో రాలేదట. నేను ఆ ఖాళీ కుర్చీని చూశాను. అది ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోదు. రానివాడికి కుర్చీ ఎందుకు అన్నాను. లెక్కల ఆఫీసరు కూడా, ఇది మరీ కఠినమేమో అన్నాడు. మీరు, కారణం అడిగి చూద్దాం అమ్మా అన్నారు. కారణాలు చెప్పడం అందరికీ వచ్చు, చచ్చినవాడు ఏ కారణం చెప్పుకోవాలి అన్నాను. తాజాగా మొగుణ్ణి పోగొట్టుకున్న దాన్ని ఎవరూ కాదనలేకపోయారు. పైన ఎవరి బుర్రనో తిట్టించాను కదా, అది నాదే.

పోయిన మీటింగులో, పదిహేడు, నాగాలు మూడు అని చదివారు. మీరు నా వైపు చూసేలోపే నా వేలు స్టాంపు ప్యాడ్ మీద ఉంది. ఎవరు అని అడగలేదు. ఎందుకు అని అడగలేదు. ఆ అంకె ఉన్న కార్డు రెండేళ్ళు నా సంచిలో తిరిగింది. పైన ఎర్ర సిరాతో పెద్దగా వేసి ఉందట. నాకది గోడ మీద పురుగే.

ఆ సాయంత్రం నీలం వేలు కడుక్కోకుండా ఈ దుకాణానికే వచ్చాను. ఇవాళ పదిహేడో నెంబరును పీకేశామే, బాధ్యత లేని మనిషి, ఇలాంటివాళ్ళ వల్లే మీ బాబాయి పోయాడు అన్నాను. గొప్పగానే అన్నాను. ఆమె టీ ఇచ్చింది. తాగాను.

ఇంతవరకు రాసి కలం ఆపింది. అబద్ధానికి ఆపుతానన్నావు, నిజానికి ఎందుకు ఆపావే అన్నాను. తల ఎత్తలేదు. తెలుసు పిన్నీ అంది. ఆ సాయంత్రం నువ్వు పదిహేడు అన్నప్పుడే తెలిసింది అంది. మరి నా మొహాన ఎందుకు అడగలేదే అన్నాను. అడిగితే ఆ టీ నీ గొంతు దిగేదా అంది. రూలు కూడా నీదేనని ఇప్పుడే తెలిసింది అంది. నా మీద కోపం లేదా అన్నాను. ఉంది అంది. చాలా ఉంది అంది. అదీ రాయనా అంది. రాయమన్నాను. రాసింది.

శనివారం మీటింగులో నెంబర్లు చదవద్దని చెప్పండి. పేరు చెప్పి, ఎందుకో చెప్పి, అప్పుడు నా వేలు అడగండి. మొహమాటం వస్తే రానివ్వండి.

ఇన్నేళ్ళలో మీ కాగితాల మీద ఎన్ని వేలిముద్రలు వేశానో, ఒక్కటీ చదివించుకుని వెయ్యలేదు. దీన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నాను. చదివింది ఆమే. మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చి ఆగింది, మళ్ళీ చదివింది. ప్యాడ్ లేదు, కలం విప్పి నా వేలికి సిరా పూసింది కూడా ఆమే.